పాఠం 14: ముక్కాలి కెమెరా స్టాండు – తక్కువ ధరలో తగినదాన్ని ఎన్నుకోవడం

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• చేత్తో పట్టుకుని తీసిన ఫొటో ఎప్పుడు, ఎందుకు కదులుతుందో వివరించగలుగుతారు;
• మీ పనికి ట్రైపాడ్ అవసరమో కాదో నిర్ణయించుకోగలుగుతారు;
• కాళ్లు, హెడ్, లాకులు, బరువు, ఎత్తు – ఈ అయిదు అంశాలను బట్టి ట్రైపాడ్‌లను పోల్చగలుగుతారు;
• దుకాణంలో ట్రైపాడ్‌ను పరీక్షించి తీసుకోగలుగుతారు;
• ఖర్చు లేకుండా కెమెరాను నిలకడగా ఉంచే పద్ధతులను పాటించగలుగుతారు.

14.1 పరిచయం

నాలుగు కాళ్ల కుర్చీని ఎగుడుదిగుడు నేల మీద వేస్తే ఊగుతుంది. ఒక కాలి కింద కాగితం మడిచి పెట్టవలసి వస్తుంది. ముక్కాలి పీటకు ఆ బాధ లేదు. మూడు రాళ్ల పొయ్యి మీద కుండ కూడా అలాగే కదలకుండా కూర్చుంటుంది. మూడు బిందువులు ఎక్కడ ఉన్నా వాటి మీదుగా ఒక సమతలం తప్పక ఏర్పడుతుంది. అందువల్ల మూడు కాళ్లూ ఒకేసారి నేలను తాకుతాయి. కెమెరా స్టాండుకు మూడు కాళ్లు ఉండడానికి కారణం ఇదే. దీనిని మనం ట్రైపాడ్ అంటున్నాం.

ఫొటోగ్రఫీ పుట్టిన కాలంలో ఇలాంటి ఆధారం లేకుండా ఫొటో తీయడమే కుదిరేది కాదు. 1820లలో ఫ్రాన్సులో నిసెఫోర్ నియెప్స్ తన ఇంటి కిటికీ నుంచి తీసిన చిత్రానికి గంటల తరబడి వెలుగు పడవలసి వచ్చింది. మన ప్రాంతంలో రాజా దీన్‌దయాళ్ (1844–1905) పేరు ప్రసిద్ధమైనది. ఆయన ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు. సికింద్రాబాదులో స్టూడియో నడిపాడు. ఆ రోజుల్లో బొమ్మ పట్టేది గాజు పలకల మీద. అందుకు వాడిన పెద్ద చెక్క కెమెరాలను కాళ్ల స్టాండు మీద నిలబెట్టి పని చేసేవారు.

ఇప్పుడు కెమెరా చిన్నదైంది. మొబైల్ ఫోనులో కూడా కెమెరా ఉంది. అయినా వెలుగు తగ్గితే పాత సమస్య మళ్లీ ఎదురవుతుంది. అప్పుడు ట్రైపాడ్ కొనాలనిపిస్తుంది. దుకాణంలో వందల రూపాయల నుంచి వేల రూపాయల వరకు రకరకాలు కనిపిస్తాయి. అన్నీ చూడడానికి ఒకేలా ఉంటాయి. తొందరపడి బలహీనమైనది కొంటే రెండు నష్టాలు. పెట్టిన డబ్బుకు పని జరగదు. స్టాండు పక్కకు ఒరిగితే దానికన్నా ఎన్నో రెట్లు విలువైన కెమెరా నేలపాలవుతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్లవుతుంది. కాబట్టి కష్టపడి కూడబెట్టిన డబ్బును ఎలా ఖర్చు చేయాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

14.2 ఫొటో ఎందుకు కదులుతుంది?

కెమెరాలో షట్టర్ తెరుచుకుని ఉన్నంతసేపూ వెలుగు లోపల పడుతుంది. ఆ కాలాన్ని సెకనులో భాగాలుగా చెబుతారు. 1/250 అంటే సెకనులో 250వ వంతు. 1/4 అంటే సెకనులో నాలుగో వంతు. మన చెయ్యి ఎప్పుడూ కొంత వణుకుతూనే ఉంటుంది. షట్టర్ క్షణకాలం తెరుచుకుంటే ఆ వణుకు బొమ్మలో కనిపించదు. ఎక్కువసేపు తెరుచుకుని ఉంటే గీతలు చెదిరి బొమ్మ మసకగా వస్తుంది. దీన్నే మనం 'ఫొటో షేకయింది' అంటాం.

చేత్తో ఎంతవరకు తీయవచ్చు? దీనికి ఫొటోగ్రాఫర్లు ఒక సులభమైన లెక్క వాడతారు. లెన్సు నాభ్యంతరం ఎన్ని మిల్లీమీటర్లో, సెకనులో అన్నో వంతు కన్నా నెమ్మదిగా షట్టర్‌ను వాడకూడదు. 50 మి.మీ. లెన్సుకు 1/50, 200 మి.మీ. లెన్సుకు 1/200. ఈ లెక్క 35 మి.మీ. ఫిల్ము కెమెరాల కోసం ఏర్పడింది. చిన్న సెన్సార్ ఉన్న డిజిటల్ కెమెరాల్లో చాలావాటికి దీనిని ఒకటిన్నర రెట్లు చేసుకోవాలి. అంటే 200 మి.మీ. లెన్సుకు 1/300. దూరపు వస్తువును దగ్గరగా చూపే లెన్సు మన వణుకును కూడా పెద్దది చేసి చూపుతుందని దీని అర్థం. వణుకును సరిదిద్దే ఏర్పాటు ఉన్న లెన్సులతోనూ, కెమెరాలతోనూ ఈ హద్దును కొంత దాటవచ్చు.

ఇప్పుడు ఒక ఉదాహరణ చూద్దాం. సాయంత్రం వేళ ఇంటి ముందు దీపాల వరుసను 50 మి.మీ. లెన్సుతో తీస్తున్నారనుకోండి. ఐ.ఎస్.ఓ. 1600 పెడితే కెమెరా 1/60 చూపింది. చేత్తో తీయవచ్చు, కాని ఐ.ఎస్.ఓ. పెంచినకొద్దీ బొమ్మలో ఇసుక చల్లినట్టు చుక్కలు వస్తాయి. ఐ.ఎస్.ఓ.ను 100కు తగ్గిస్తే బొమ్మ నున్నగా వస్తుంది. అయితే వెలుగును 16 రెట్లు ఎక్కువసేపు తీసుకోవాలి. షట్టర్ 1/60 నుంచి 1/30, 1/15, 1/8 దాటి 1/4కు వస్తుంది. 1/4 సెకను చేత్తో కదలకుండా పట్టుకోవడం చాలామందికి సాధ్యం కాదు. ట్రైపాడ్ ఉపయోగం ఇక్కడే ఉంది.

ఒక హెచ్చరిక. ట్రైపాడ్ కెమెరా కదలికను ఆపుతుంది. ఎదుటివారి కదలికను ఆపలేదు. పరుగెత్తే పిల్లవాడిని 1/4 సెకనులో తీస్తే కెమెరా బండలా నిలబడినా పిల్లవాడు మసకగానే పడతాడు. అలాంటి ఫొటోలకు కావలసింది వెలుగు లేదా ఫ్లాష్.

పాఠగత ప్రశ్నలు 14.1

కింది ఖాళీలను పూరించండి.
1. 35 మి.మీ. ఫిల్ము కెమెరాలో 100 మి.మీ. లెన్సుతో చేత్తో తీసేటప్పుడు షట్టర్ కనీసం ………. ఉండాలి.
2. ఐ.ఎస్.ఓ.ను 800 నుంచి 100కు తగ్గిస్తే వెలుగును ………. రెట్లు ఎక్కువసేపు తీసుకోవాలి.
3. ట్రైపాడ్ ………. కదలికను ఆపుతుంది, ………. కదలికను ఆపలేదు.

14.3 కొనే ముందు మీ పనిని రాసుకోండి

దుకాణానికి వెళ్లే ముందు ఒక కాగితం తీసుకుని మూడు ప్రశ్నలకు జవాబులు రాయండి.

మొదటిది: దాని మీద ఏం పెడతారు? మొబైల్ ఫోను సుమారు 200 గ్రాములు ఉంటుంది. లెన్సు మార్చుకునే చిన్న కెమెరా, దానితో వచ్చే లెన్సుతో కలిపి సుమారు 700 గ్రాములు ఉంటుంది. పక్షుల ఫొటోలకు వాడే పొడవైన లెన్సు తగిలిస్తే రెండు కిలోలు దాటవచ్చు. ఇంట్లో తూచలేకపోతే కిరాణా కొట్టు త్రాసు మీద తూచి రాసుకోండి.

రెండవది: ఏ ఫొటోలు తీస్తారు? దర్జీ తాను కుట్టిన జాకెట్ల నమూనాలను బల్ల మీద పరచి ఫొటో తీయవచ్చు. మరొకరు బతుకమ్మ సాయంత్రాలను, దీపావళి రాత్రులను తీయవచ్చు. ఇంకొకరు నేలపట్టులోనో, కొల్లేరులోనో పక్షుల కోసం గంటల తరబడి కూర్చోవచ్చు. మొదటివారికి బల్ల మీద నిలిచే పొట్టి స్టాండు చాలు. రెండవవారికి ఛాతీ ఎత్తు వచ్చే మామూలు ట్రైపాడ్ కావాలి. మూడవవారికి బరువును మోయగల గట్టి కాళ్లు కావాలి. ముగ్గురికీ ఒకే ట్రైపాడ్ సరిపోదు.

మూడవది: ఎలా తీసుకెళతారు? బస్సులో ప్రయాణించేవారికి, కొండ ఎక్కేవారికి బరువు, మడిచిన పొడవు ముఖ్యం. ఇంట్లో, స్టూడియోలో వాడేవారికి బరువు ఎక్కువైతేనే మంచిది. మోయలేక ఇంట్లో వదిలేసిన ట్రైపాడ్ ఎంత మంచిదైనా ఉపయోగపడదు.

14.4 ట్రైపాడ్ భాగాలు

కాళ్లు: కాళ్లను ఎక్కువగా అల్యూమినియం గొట్టాలతో చేస్తారు. కార్బన్ ఫైబర్ కాళ్లు ఇంకా తేలిక. అదురును త్వరగా అణచివేస్తాయి. కాని ధర బాగా ఎక్కువ. కొత్తగా నేర్చుకునేవారికి అల్యూమినియం చాలు. ఒక్కొక్క కాలు ఒకదానిలో ఒకటి దూరే మూడు, నాలుగు లేదా అయిదు గొట్టాలుగా ఉంటుంది. గొట్టాల సంఖ్య పెరిగితే మడిచినప్పుడు పొట్టిగా అవుతుంది. కాని అడుగు గొట్టం సన్నబడుతుంది.

ఈ సన్నదనం ఎంత తేడా చేస్తుంది? గోడ మందం ఒకటే అయినప్పుడు సన్నని గొట్టం బిగువు దాని వ్యాసం ఘనాన్ని బట్టి మారుతుంది. 22 మి.మీ. గొట్టం బదులు 28 మి.మీ. గొట్టం తీసుకుంటే బిగువు సుమారు రెట్టింపు అవుతుంది. పొడవు విషయం దీనికి వ్యతిరేకం. ఒక కొసన బిగించిన గొట్టాన్ని రెండో కొసన పక్కకు నెడితే, పొడవు రెట్టింపైనప్పుడు వంపు ఎనిమిది రెట్లవుతుంది. అంటే లావు, పొట్టి కాళ్లు గట్టివి; సన్నని, పొడవు కాళ్లు ఊగేవి. ట్రైపాడ్ ఎన్నికలో గుర్తుంచుకోవలసిన ముఖ్య సూత్రం ఇది.

లాకులు: గొట్టాలను కావలసిన పొడవు దగ్గర బిగించడానికి లాకులు ఉంటాయి. మీటను మడిచి బిగించేది ఒక రకం. మరను తిప్పి బిగించేది మరొక రకం. రెండూ మంచివే. మీట రకంలో బిగిందో లేదో కంటికి కనిపిస్తుంది. మర రకంలో ఇసుక చేరితే విప్పి కడగాలి.

మధ్య కడ్డీ: కాళ్ల మధ్య నుంచి పైకి లేచే కడ్డీ ఇది. దీనిని పైకి లేపితే మూడు కాళ్ల మీద నిలిచిన కెమెరా ఒంటికాలి మీదకు ఎక్కినట్లవుతుంది. అవసరమైతే చిట్టచివర మాత్రమే లేపాలి. చాలా చౌక ట్రైపాడ్‌లలో ఈ కడ్డీని మూడు కాళ్లతో కలుపుతూ అడ్డ పట్టీలు ఉంటాయి. వాటివల్ల కాళ్లను బాగా వెడల్పుగా చాపి, నేలకు దగ్గరగా దించడం కుదరదు.

హెడ్: కెమెరాను పట్టుకుని అటూ ఇటూ తిప్పే భాగం హెడ్. ఒక్కొక్క దిశకు ఒక్కొక్క పిడి ఉన్నది పాన్ హెడ్. ఇది నెమ్మది, కాని కట్టడాలకు, వస్తువుల ఫొటోలకు సరిగ్గా అమర్చుకోవచ్చు. బంతి ఆధారంగా ఒకే మరతో అన్ని దిశలకు తిరిగేది బాల్ హెడ్. ఇది త్వరగా అమరుతుంది. అయితే మర వదులు చేసేటప్పుడు కెమెరాను చేత్తో పట్టుకోవాలి. లేకుంటే ఒక్కసారిగా వాలిపోతుంది. వీడియోలో నున్నగా తిప్పడానికి ఫ్లూయిడ్ హెడ్ వేరే ఉంది.

మర, ప్లేటు: కెమెరా అడుగున ఉండే రంధ్రం చాలా కెమెరాలకు పావు అంగుళం కొలతలోనే ఉంటుంది. పెద్ద హెడ్‌లను కాళ్లకు బిగించే మర 3/8 అంగుళం. ఈ కొలతలు ప్రపంచమంతటా చెల్లుతాయి కాబట్టి ఏ కంపెనీ కెమెరానైనా ఏ కంపెనీ ట్రైపాడ్‌పైనైనా పెట్టవచ్చు. ఇప్పటి హెడ్‌లలో చాలావాటికి కెమెరాకు బిగించే చిన్న ప్లేటు విడిగా వస్తుంది. ఆ ప్లేటు పోతే ట్రైపాడ్ వృథా. అది విడిగా దొరుకుతుందో లేదో కొనేటప్పుడే అడగండి. ఆర్కా రకం అని పిలిచే ప్లేట్లు చాలా కంపెనీలు చేస్తాయి కాబట్టి దొరకడం సులభం. మొబైల్ ఫోనుకు ప్లేటు బదులు పట్టుకునే క్లిప్పు కావాలి.

పాఠగత ప్రశ్నలు 14.2

తప్పో ఒప్పో చెప్పండి.
1. గొట్టాల సంఖ్య పెరిగితే కాలు అడుగు గొట్టం లావవుతుంది.
2. ఎత్తు కావాలంటే ముందుగా మధ్య కడ్డీని లేపాలి.
3. కెమెరా కంపెనీ, ట్రైపాడ్ కంపెనీ వేరైనా సాధారణంగా మర సరిపోతుంది.
4. గోడ మందం ఒకటే అయితే 28 మి.మీ. గొట్టం 22 మి.మీ. గొట్టం కన్నా గట్టిది.

14.5 పెట్టె మీది అంకెలు చదవడం

భారం: పెట్టె మీద '8 కిలోల వరకు' అని ఉంటుంది. ఇక్కడ 'వరకు' అనే మాటను జాగ్రత్తగా చదవండి. అంత బరువు పెట్టినా విరగదని మాత్రమే కంపెనీ చెబుతున్నది. ఊగదని చెప్పడం లేదు. పైగా ఈ అంకెను కొలిచే పద్ధతి అన్ని కంపెనీలకు ఒకటి కాదు. అందువల్ల మీ కెమెరా, లెన్సు కలిసిన బరువుకు కనీసం రెట్టింపు భారం మోయగలదాన్ని చూడండి. అంత ఉన్నా, పరీక్షించకుండా నమ్మకండి.

ఎత్తు: 'గరిష్ఠ ఎత్తు' అంటే సాధారణంగా మధ్య కడ్డీని పూర్తిగా లేపినప్పటి ఎత్తు. కడ్డీ లేపకుండా ఎంత ఎత్తు వస్తుందో విడిగా అడగండి. మీకు ఎంత ఎత్తు కావాలో ఇలా లెక్క వేసుకోండి. మనిషి ఎత్తు 165 సెం.మీ. అనుకుందాం. కళ్లు తల పైభాగానికి సుమారు 12 సెం.మీ. కింద ఉంటాయి. మిగిలింది 153. కెమెరాలో కన్ను పెట్టి చూసే చోటు కెమెరా అడుగుకు సుమారు 8 సెం.మీ. పైన ఉంటుంది. మిగిలింది 145. అంటే హెడ్‌తో కలిపి 145 సెం.మీ. ఉంటే వంగకుండా చూడవచ్చు. వెనుక తెరలో చూసి తీసేవారికి ఛాతీ ఎత్తు, అంటే 120–125 సెం.మీ., సరిపోతుంది.

బరువు: మరీ తేలికైన ట్రైపాడ్ గాలికే కదులుతుంది. మామూలు కెమెరాకు కిలో నుంచి కిలోన్నర వరకు బరువున్న అల్యూమినియం ట్రైపాడ్ మోయడానికీ, నిలవడానికీ మధ్యేమార్గం.

14.6 పోల్చి చూద్దాం

165 సెం.మీ. ఎత్తున్న ఒకరి దగ్గర 700 గ్రాముల కెమెరా ఉంది. 2,500 రూపాయలు దాటకుండా ట్రైపాడ్ కొనాలి. ఎక్కువగా సాయంత్రపు ఫొటోలు, ఇంట్లో వస్తువుల ఫొటోలు తీస్తారు. దుకాణంలో మూడు ట్రైపాడ్‌లు చూశారు. ఈ అంకెలు లెక్క నేర్చుకోవడానికి తీసుకున్నవి. ఏ కంపెనీవీ కావు.

'క' ట్రైపాడ్: ధర రూ. 900, బరువు 600 గ్రాములు, కాలికి 4 గొట్టాలు, పై గొట్టం 16 మి.మీ.; కడ్డీ లేపకుండా ఎత్తు 105 సెం.మీ., లేపితే 135. భారం 3 కిలోల వరకు. హెడ్ ప్లాస్టిక్‌ది, విడదీయడం కుదరదు.

'ఖ' ట్రైపాడ్: ధర రూ. 2,300, బరువు 1,400 గ్రాములు, కాలికి 3 గొట్టాలు – 25, 22, 19 మి.మీ.; కడ్డీ లేపకుండా ఎత్తు 125 సెం.మీ., లేపితే 150. మడిచిన పొడవు 58 సెం.మీ.; భారం 5 కిలోల వరకు; హెడ్ మార్చుకోవచ్చు.

'గ' ట్రైపాడ్: ధర రూ. 2,400, బరువు 1,200 గ్రాములు, కాలికి 5 గొట్టాలు – 25, 22, 19, 16, 13 మి.మీ.; కడ్డీ లేపకుండా ఎత్తు 135 సెం.మీ., లేపితే 165; మడిచిన పొడవు 40 సెం.మీ.; భారం 8 కిలోల వరకు; హెడ్ మార్చుకోవచ్చు; సంచి, మొబైల్ క్లిప్పు ఉచితం.

పెట్టె మీది అంకెలనే చూస్తే 'గ' అన్నిటికన్నా మంచిదనిపిస్తుంది. ఎత్తు ఎక్కువ, భారం ఎక్కువ, మడిస్తే పొట్టి. పైగా ఉచిత వస్తువులు. కాని అడుగు గొట్టాలు చూడండి. 'ఖ'లో 19 మి.మీ., 'గ'లో 13 మి.మీ. పైన చెప్పిన లెక్క ప్రకారం, గోడ మందం ఒకటే అయితే, 'ఖ' అడుగు గొట్టం 'గ' అడుగు గొట్టం కన్నా సుమారు మూడు రెట్లు గట్టిది. మనం చెప్పుకున్న పనికి 'ఖ' తగినది. మనిషి తెరలో చూసి తీస్తే కడ్డీ లేపకుండానే 125 సెం.మీ. చాలు. అద్దంలో కన్ను పెట్టి చూడాలంటే 145 సెం.మీ. కోసం కడ్డీని 20 సెం.మీ. లేపాలి, గాలి లేనప్పుడు ఇది ఫరవాలేదు.

అయితే 'గ' అందరికీ పనికిరానిదని కాదు. రోజూ బస్సులో వెళ్లేవారికి 40 సెం.మీ. పొడవు పెద్ద సౌకర్యం. వారు అడుగు గొట్టాలను తీయకుండా, కాస్త వంగి ఫొటో తీసుకుంటే 'గ' కూడా గట్టిగానే నిలుస్తుంది. 'క' మొబైల్ ఫోనుకు, తేలిక కెమెరాకు గాలి లేని గదిలో పనికివస్తుంది. 700 గ్రాముల కెమెరాను దాని ప్లాస్టిక్ హెడ్ మీద నమ్మకంగా వదలలేం. చౌకగా దొరికిందని 'క' కొని, తరువాత 'ఖ' కూడా కొంటే మొత్తం ఖర్చు రూ. 3,200 అవుతుంది. డబ్బు చాలకపోతే 'క' కొనే బదులు కొన్ని నెలలు ఆగి, ఈలోగా 14.8లో చెప్పిన పద్ధతులు వాడుకోవడం మేలు.

14.7 దుకాణంలో చేయవలసిన పరీక్షలు

మీ కెమెరాను వెంట తీసుకువెళ్లండి. కింది పరీక్షలను ఈ వరుసలోనే చేయండి.
1. కాళ్లన్నీ పూర్తిగా తీసి లాకులు బిగించండి. పై నుంచి అరచేత్తో నొక్కండి. ఏ గొట్టమూ లోపలికి జారకూడదు.
2. హెడ్‌ను పట్టుకుని కుడి ఎడమలకు మెల్లగా మెలితిప్పండి. కాళ్లు పైన అతికిన చోట కదలిక ఉంటే వద్దు.
3. కెమెరా బిగించి, ముందుకు వాల్చి, మర బిగించండి. రెండు నిమిషాలు ఆగండి. లెన్సు తనంతట తాను కిందికి దిగితే హెడ్ బలహీనమైనది. ఈ పరీక్ష చేసేటప్పుడు చెయ్యి దగ్గరలోనే ఉంచండి.
4. లెన్సును పూర్తిగా జూమ్ చేసి దూరంగా ఉన్న అక్షరాలను తెరలో చూడండి. ఒక కాలిని వేలితో తట్టండి. అదురు ఎంత త్వరగా ఆగితే ట్రైపాడ్ అంత మంచిది. రెండు ట్రైపాడ్‌లను ఇలా పక్కపక్కన పోల్చండి.
5. కాళ్ల చివరి రబ్బరు తొడుగులు గట్టిగా ఉన్నాయో లేదో, నున్నని గచ్చు మీద జారుతున్నాయో లేదో చూడండి.
6. లాకులను పదిసార్లు తీసి వేయండి. వేలు ఇరుక్కునేలా ఉన్నా, ప్లాస్టిక్ తెల్లబడి పగులు చూపినా వదిలేయండి.

ఆన్‌లైనులో కొంటే ముందుగా తిరిగి ఇచ్చే గడువు చూసుకోండి. వస్తువు వచ్చిన రోజే ఇంట్లో ఈ పరీక్షలన్నీ చేయండి. ఒకరు వాడిన ట్రైపాడ్ దొరికితే సంకోచించనక్కరలేదు. కెమెరాలాగా ఇది త్వరగా పాతబడే వస్తువు కాదు. గొట్టాలు వంగకుండా, మరలు అరగకుండా, ప్లేటు పోకుండా ఉంటే అదే ధరకు కొత్తదానికన్నా గట్టిది రావచ్చు.

ఉచితంగా వచ్చే సంచులు, క్లిప్పులు చూసి నిర్ణయించవద్దు. కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ అన్నట్లు కొసరు కోసం అసలును మరచిపోకూడదు.

14.8 ఖర్చు లేని పద్ధతులు

ట్రైపాడ్ లేకపోయినా కెమెరాను నిలకడగా ఉంచవచ్చు.
• గుడ్డ సంచి: చిన్న గుడ్డ సంచిలో బియ్యమో, పప్పులో మూడు వంతులు నింపి కుట్టండి. పిట్టగోడ మీదో, కిటికీ మీదో వేసి, పైన కెమెరా పెట్టండి. సంచి కెమెరా ఆకారానికి ఒదుగుతుంది.
• తాడు: పావు అంగుళం బోల్టుకు గట్టి తాడు కట్టి, బోల్టును కెమెరా అడుగు రంధ్రంలో మెల్లగా తిప్పండి. తాడు రెండో కొసను పాదంతో తొక్కి, కెమెరాను పైకి బిగువుగా లాగి పట్టుకోండి. పైకీ కిందికీ కదలిక తగ్గుతుంది. రంధ్రం లోతు అర సెంటీమీటరు చుట్టుపక్కల మాత్రమే ఉంటుంది. బోల్టును బలవంతంగా లోపలికి తిప్పితే కెమెరా పాడవుతుంది.
• ఆసరా: స్తంభానికో, తలుపుకో భుజం ఆనించండి. మోచేతులు పక్కలకు అదిమి, ఊపిరి సగం వదిలి మీట నొక్కండి.

ఈ పద్ధతులతో 1/15 వంటి వేగాలు చాలాసార్లు సాధ్యమవుతాయి. గుడ్డ సంచితో ఇంకా నెమ్మది వేగాలు కూడా కుదురుతాయి.

14.9 వాడే విధానం, జాగ్రత్తలు

మంచి ట్రైపాడ్ కొన్నా సరిగా వాడకపోతే ఫలితం ఉండదు. ముందుగా పైన ఉన్న లావు గొట్టాలను తీయండి. అడుగు గొట్టాలను చివర తీయండి. వాలు నేల మీద రెండు కాళ్లు పల్లం వైపు, ఒక కాలు ఎత్తు వైపు ఉండాలి. బరువైన లెన్సు ఉంటే ఒక కాలిని లెన్సు కిందికి వచ్చేలా నిలపండి. గాలి ఉంటే మధ్య కడ్డీ కొక్కేనికి సంచి తగిలించవచ్చు. సంచి అడుగు నేలను తాకుతూ ఉండాలి. గాలిలో ఊగే సంచి కెమెరాను కూడా ఊపుతుంది.

మీట నొక్కే వేలే ఒక్కోసారి కెమెరాను కదుపుతుంది. కెమెరాలోని సెల్ఫ్ టైమర్‌ను రెండు సెకన్లకు పెట్టి, నొక్కి, చెయ్యి తీసేయండి. అద్దం ఉన్న కెమెరాలో అద్దం లేచేటప్పుడు కూడా చిన్న కుదుపు వస్తుంది. అద్దాన్ని ముందే లేపే ఏర్పాటు ఉంటే వాడండి. వణుకును సరిదిద్దే ఏర్పాటును ట్రైపాడ్ మీద ఆపాలో లేదో మీ కెమెరా పుస్తకంలో చూసుకోండి.

నిలబెట్టిన కెమెరాను వదిలి దూరంగా వెళ్లకండి. పిల్లలు, పశువులు తిరిగే చోట కాళ్లు తగిలి పడిపోతుంది. దారికి అడ్డంగా పెట్టకండి. కేంద్ర పురావస్తు శాఖ సంరక్షణలో ఉన్న గోల్కొండ, చార్మినార్ వంటి కట్టడాల దగ్గర ట్రైపాడ్ వాడాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. సముద్రపు ఒడ్డున వాడిన తరువాత కాళ్లను మంచి నీటి తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి మడవండి.

14.10 భాషాంశం

ఈ వాక్యాలను గమనించండి.
• పొడవు పెరిగితే బిగువు తగ్గుతుంది.
• ప్లేటు పోతే ట్రైపాడ్ వృథా.

'పెరిగితే', 'పోతే' అనే క్రియలు ఒక షరతును చెబుతున్నాయి. ఆ షరతు నెరవేరినప్పుడు కలిగే ఫలితాన్ని మిగిలిన భాగం చెబుతుంది. ఇలాంటి క్రియను చేదర్థకం అంటారు. వస్తువులు పోల్చేటప్పుడు, సలహా ఇచ్చేటప్పుడు ఈ వాక్యాలు బాగా ఉపయోగపడతాయి. ఈ పాఠం నుంచి ఇలాంటి వాక్యాలు మరో అయిదు ఏరి రాయండి.

మీరు నేర్చుకున్నదేమిటి?

• వెలుగు తగ్గి షట్టర్ నెమ్మదించినప్పుడు ట్రైపాడ్ అవసరమవుతుంది.
• పనిని, కెమెరా బరువును, ప్రయాణాన్ని ముందు రాసుకుని తరువాత దుకాణానికి వెళ్లాలి.
• లావు, పొట్టి కాళ్లు గట్టివి. గరిష్ఠ ఎత్తు, గరిష్ఠ భారం మాత్రమే చూసి కొనకూడదు.
• కెమెరా, లెన్సు బరువుకు కనీసం రెట్టింపు భారం మోయగలదాన్ని తీసుకుని, పరీక్షించాలి.
• డబ్బు చాలనప్పుడు బలహీనమైనది కొనడం కన్నా గుడ్డ సంచి, తాడు వాడుతూ ఆగడం మేలు.

పాఠాంత ప్రశ్నలు

1. కెమెరా స్టాండుకు మూడు కాళ్లే ఎందుకు ఉంటాయో మీ ఇంటి వస్తువుల ఉదాహరణతో వివరించండి.
2. పెట్టె మీద ఉన్న భారం అంకెను పూర్తిగా ఎందుకు నమ్మకూడదు?
3. మీ ఎత్తును బట్టి మీకు కావలసిన ట్రైపాడ్ ఎత్తును లెక్కించండి.
4. కొండ ప్రాంతాలకు నడిచి వెళ్లి ఫొటోలు తీసే మిత్రునికి 'ఖ', 'గ'లలో ఏది కొనమని చెబుతారు? కారణాలు రాస్తూ ఒక ఉత్తరం రాయండి.
5. అభ్యాసం: సాయంత్రం ఒకే దృశ్యాన్ని చేత్తో ఒకసారి, గుడ్డ సంచి మీద ఒకసారి 1/8 సెకనులో తీయండి. రెండింటినీ పెద్దవి చేసి చూసి, తేడాను అయిదు వాక్యాల్లో రాయండి.

పాఠగత ప్రశ్నలకు జవాబులు

14.1: 1. 1/100. 2. 8. 3. కెమెరా, ఎదుటివారి.
14.2: 1. తప్పు. 2. తప్పు. 3. ఒప్పు. 4. ఒప్పు.